మైకు గదిలో వాసన

"ఛీ, ఏంటే ఈ వాసన?" అంది స్నేహితురాలు, గదిలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకుని.

బడి వదిలాక ఇద్దరూ కలిసి సైన్సు చార్టు గీద్దామని వచ్చారు. బయట ఎండ మండిపోతోంది. మైకు ఏసీ వేసి అప్పటికి రెండు నిమిషాలు కూడా కాలేదు.

మైకు అనేది అసలు పేరు కాదు. ఆ పిల్ల గుసగుసలాడినా నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. అందుకని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. వయసు పదేళ్ళు. గొంతుకు మాత్రం వయసుతో పని లేదు.

మైకు గాలి పీల్చి చూసింది. నిజమే. వారం రోజులుగా గదిలో ఏదో ముక్కిపోయిన వాసన. స్నేహితురాలి ముందు తల కొట్టేసినట్లయింది. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎదురుగా నాయనమ్మ మంచం కనిపించింది. మంచం పక్కన మోకాళ్ళకు రాసుకునే నూనె సీసా కనిపించింది.

"మా నాయనమ్మ దగ్గర వస్తుందే అది. ఆ నూనె, ఆ పాత శాలువా... ముసలివాళ్ళ దగ్గర అంతేనట. నాకు వేరే గది ఇవ్వమంటే ఎవరూ వినరు."

గుసగుసగానే అంది. కానీ అది మైకు గుసగుస.

తలుపు దగ్గర నాయనమ్మ నిలబడి ఉంది. చేతుల్లో రెండు గ్లాసుల పాలు. గ్లాసులు బల్ల మీద పెట్టి, "చల్లగా ఉన్నప్పుడే తాగెయ్యండమ్మా" అని వెళ్ళిపోయింది. విని ఉండదులే అని మైకు తనకు తాను సర్దిచెప్పుకుంది. నాయనమ్మకు ఉన్నది మోకాళ్ళ నొప్పులు, చెవుడు కాదు.

మర్నాడు మైకు బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మ దుప్పట్లు, దిండు గలీబులు, శాలువా అన్నీ బాల్కనీలో ఆరుతున్నాయి. ఆ రోజు ఆమె రెండుసార్లు స్నానం చేసింది. ఆ పై రోజు మూడుసార్లు. మంచం పక్కన నూనె సీసా కనిపించలేదు.

"మోకాళ్ళకు రాసుకోవడం లేదేంటమ్మా?" అని నాన్న అడిగాడు.

"తగ్గిందిలేరా" అంది నాయనమ్మ, కుర్చీ చేయి పట్టుకుని రెండు విడతలుగా లేస్తూ.

నాలుగో రోజు ఆమె తన మంచం స్టోరు గదిలోకి మార్పించుకుంది. పనికిరానివన్నీ పడేసే గది అది. పాత ఫ్యాను, విరిగిన కుర్చీ, అట్టపెట్టెలు. కిటికీ అంటారా, నోటుపుస్తకమంత ఉంటుంది. నాన్న వద్దన్నాడు. అమ్మ అయితే గట్టిగానే వద్దంది.

"ఏసీ గాలి నాకు పడటం లేదమ్మాయ్. పిల్ల పెద్దదవుతోంది, దానికో గది ఉండొద్దూ?" అంది నాయనమ్మ. ఇంకెవరి మాటా వినలేదు.

మైకుకు లోలోపల ఒకటే సంబరం. గదంతా తనదే. నాయనమ్మ మంచం ఉన్న చోట గోడకు ఇష్టమొచ్చిన బొమ్మలన్నీ అంటించుకుంది. ఆ సాయంత్రం ఏసీ వేసుకుని కాళ్ళు బార్లా చాపి పడుకుంది.

వాసన వచ్చింది.

అదే వాసన. నాయనమ్మ లేదు, మంచం లేదు, నూనె లేదు, శాలువా లేదు. వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. మైకు లేచి కూర్చుంది. ఇప్పుడే వెళ్ళి చెప్పాలి అనుకుంది. చెబితే ఆ మంచం మళ్ళీ ఇక్కడికే వస్తుంది. బొమ్మలన్నీ పీకెయ్యాలి. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ రేపు ఎనిమిది రోజులైనా రాలేదు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆ ఎనిమిది రోజులూ మన మైకు మంచి పిల్ల కాదు. స్టోరు గది ముందు నుంచి పోయేటప్పుడు తల పక్కకు తిప్పుకునేది. ఒకసారి మాత్రం తలుపు సందులోంచి చూసింది. నాయనమ్మ మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. ఉక్కకు తట్టుకోలేక అట్టముక్కతో విసురుకుంటోంది. మైకు చప్పుడు చెయ్యకుండా వచ్చేసింది.

తొమ్మిదో రోజున ఏసీలోంచి నీళ్ళు గోడ వెంబడి కారి మైకు పుస్తకాల మీద పడ్డాయి. నాన్న మెకానిక్‌ని పిలిచాడు.

మెకానిక్ నిచ్చెన వేశాడు గానీ వెంటనే ఎక్కలేదు. ఏసీ కింద నిలబడి రెండుసార్లు గట్టిగా గాలి పీల్చాడు.

"వాసన చూస్తే తెలిసిపోతుందా అంకుల్?" అంది మైకు.

"సగం తెలిసిపోతుంది పాపా. వైరు కాలిన వాసన వచ్చిందనుకో, ఇంకేం ఆలోచించకూడదు. వెంటనే ఆపేసి పెద్దవాళ్ళకు చెప్పాలి. చలికాలంలో మొదటిసారి వేడిగాలి పెట్టినప్పుడు దుమ్ము కాలిన వాసన వస్తుంది, అది కాసేపటికి పోతుంది. పోకపోతే మాలాంటివాళ్ళకు చూపించాలి. లోపల ఎలుక చచ్చిందంటే దానికి నేనక్కర్లేదు, వీధి మొత్తానికి తెలుస్తుంది." ఆయన మళ్ళీ ఒకసారి పీల్చాడు. "ఇది తడి బట్ట ముక్కిన వాసన. లోపల నీళ్ళు నిలిచి బూజు పట్టింది. ఎప్పుడూ వస్తోందా సార్, ఏసీ వేసినప్పుడేనా?"

నాన్నకు తెలియదు. "నేను దిండ్ల వాసనేమో అనుకున్నాను" అంది అమ్మ.

"వేసినప్పుడే" అంది మైకు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె మాట పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు.

మెకానిక్ ఏసీ మూత విప్పాడు. లోపల నీళ్ళు పడే పళ్ళెం నిండా నల్లటి జిగురు. "నీళ్ళు బయటికి పోయే గొట్టం ఎక్కడో మూసుకుపోయింది" అంటూ బాల్కనీలోకి నడిచాడు.

అప్పుడు మైకుకు గుర్తొచ్చింది.

నెల రోజుల కిందటి మాట. బాల్కనీలో ఆ గొట్టం నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా వచ్చి సరిగ్గా ఆమె కొత్త సైకిల్ సీటు మీద పడేవి. సైకిల్‌ని రెండడుగులు జరపడానికి బద్ధకం. పాత సాక్సు ఒకటి తెచ్చి గొట్టంలో కుక్కేసింది. చుక్కలు తగ్గాయి. ఆ సంగతే మర్చిపోయింది.

మెకానిక్ పటకారుతో సాక్సును పట్టుకొచ్చాడు. నల్లబడిపోయినా దాని గులాబీ గీతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. గది మొత్తం గుప్పుమంది.

గుమ్మంలో గోడ పట్టుకుని నాయనమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆ వాసన దీనిదా బాబూ?"

"దీనిదే మామ్మగారూ."

నాయనమ్మ కాసేపు ఆ సాక్సునే చూసింది.

"అయితే నాది కాదన్నమాట" అంది.

అమ్మానాన్నలకు ఆ మాట అర్థం కాలేదు. మైకుకు అర్థమైంది.

మెకానిక్ వెళ్ళాక మైకు స్టోరు గదిలోకి వెళ్ళింది. "నాయనమ్మా, ఆ సాక్సు నేనే పెట్టాను."

"నీ సాక్సని చూడగానే తెలిసిందిలే. చిన్నపిల్లవి, తెలియక చేశావు."

అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ మైకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. "వాసన నీది కాదని నాకు ముందే తెలుసు నాయనమ్మా. నువ్వు ఇక్కడికి మారిన రోజే తెలిసింది."

నాయనమ్మ చేతిలో అట్టముక్క ఆగిపోయింది.

"ఆ రోజేనా?" అంది.

మైకు తల ఊపింది. తిట్టినా బాగుండేది, ఒక దెబ్బ వేసినా బాగుండేది. నాయనమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"గదిలోకి రా నాయనమ్మా."

"ఇక్కడ బాగానే ఉందిలే తల్లీ."

బాగాలేదని ఇద్దరికీ తెలుసు.

మైకు గోడ మీది బొమ్మలన్నీ తీసేసింది. అమ్మానాన్నలకు జరిగిందంతా చెప్పింది. నాన్న రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అందరూ బతిమాలగా బతిమాలగా నాలుగో రోజుకు నాయనమ్మ మంచం గదిలోకి వచ్చింది. కానీ నాయనమ్మకు కొత్తగా ఒక అలవాటు వచ్చింది. గది గుమ్మంలో ఆగి, శాలువా అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, అప్పుడు లోపలికి వస్తుంది. ప్రతిసారీ అంతే.

నూనె సీసా స్టోరు గదిలో అట్టపెట్టెల వెనక దొరికింది. మైకు రోజూ బడికి వెళ్ళే ముందు నాయనమ్మ మోకాళ్ళకు తనే రాస్తోంది. మొదటి రోజు నాయనమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. మైకు అలాగే కూర్చుంది.

ఒకరోజు క్లాసులో స్నేహితురాలు ముక్కు చిట్లించింది. "నీ చేతుల దగ్గర ఏంటే ఆ వాసన?"

"మా నాయనమ్మ మోకాళ్ళ నూనె. పొద్దున నేనే రాశాను" అంది మైకు. "ఆ రోజు మా గదిలో వచ్చింది ఇది కాదు. ఏసీ గొట్టంలో నేను కుక్కిన సాక్సు వాసన అది. నీకు తప్పు చెప్పాను."

ఈసారి గుసగుసగా అనలేదు. పక్క క్లాసులో టీచరు కూడా పాఠం ఆపేసి ఉంటుంది. కొందరు పిల్లలు నవ్వారు. మైకు చేతులు బెంచీ మీదే ఉంచింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలో ఆగి శాలువా అంచు ముక్కు దగ్గరికి తీసుకుంటోంది. మైకు వెళ్ళి ఆ శాలువా ఆమె చేతిలోంచి తీసి తన మెడ చుట్టూ కప్పుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

మర్నాడు నాయనమ్మ మళ్ళీ గుమ్మంలో ఆగింది. మైకు మళ్ళీ లేచి వెళ్ళింది.