గాజు వంతెన

మార్చురీలో గుడ్డ తొలగించగానే చిన్నబాబు ముందుగా అన్నయ్య చేతులు చూశాడు. కుడిచేతి గోళ్ళు విరిగి ఉన్నాయి. మొహం చూడటానికి కాసేపు ధైర్యం చాల్లేదు.

"లోయ దగ్గర వ్యూ పాయింట్‌లో సెల్ఫీ తీసుకుంటూ కాలు జారాడు. పేపర్లో అలాగే వచ్చింది" అన్నాడు డైరెక్టర్.

"మా అన్నయ్య తన పెళ్ళి ఫోటోల్లోనే పక్కకి తప్పుకున్నాడు సార్. సెల్ఫీ ఏంటి?"

"అందుకే నిన్ను పిలిపించాను. మీ వదినకి చెప్పావా?"

"ఫోన్ ఎత్తట్లేదు. ఎయిర్‌హోస్టెస్ కదా, ఏ విమానంలో ఉందో."

అన్నదమ్ములిద్దరూ ఒకే సీక్రెట్ సర్వీసులో ఏజెంట్లు. ఆఫీసులో అసలు పేర్లు పలకరు కాబట్టి ఒకరు పెద్దబాబు, ఒకరు చిన్నబాబు. పిరమిడ్లు, జలపాతాలు, మబ్బుల్ని తాకే టవర్లు... ప్రపంచంలో చూడదగ్గవన్నీ పెద్దబాబు డ్యూటీ మీదే చూశాడు. అలాంటి చోట్ల గూఢచారికి ఒక సుఖం ఉంది. కొత్త మొహం అక్కడ ఎవరికీ కొత్త కాదు. తల్లి మాత్రం పెద్దకొడుకు ట్రావెల్ కంపెనీలో పనిచేస్తున్నాడనే నమ్మింది.

కారెక్కాక డైరెక్టర్ అసలు విషయానికి వచ్చాడు.

"రేపు పొద్దున రెండు దేశాల విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టి, లోయ మీది గాజు వంతెన మీద నడుస్తారు. ప్రపంచమంతా లైవ్ చూస్తుంది. ఒక విదేశీ ముఠా ఆ వంతెన పేల్చాలని చూస్తోంది. మీ అన్నయ్య ఆ ముఠాలోనే చేరి ఉన్నాడు."

"బాంబ్ స్క్వాడ్ వెళ్ళిందా?"

"అంగుళం అంగుళం వెతికారు. ఏమీ దొరకలేదు. సెల్ సిగ్నల్స్ జామ్ చేస్తున్నాం. అయినా నా మనసు మనసులో లేదు."

"నడక రద్దు చేయించొచ్చుగా?"

"భయపడి ఆగిపోయారని అనిపించుకోవడం మంత్రులిద్దరికీ ఇష్టం లేదు."

"అన్నయ్యని చంపిందెవరు?"

"ముఠాలో ఒక ఆడమనిషి. ఎర్రటోపీ అంటారు. గైడ్ వేషం. అందగత్తె, అంతకు మించి ప్రమాదకారి అని మీ అన్నయ్యే రిపోర్ట్ చేశాడు. ఆమె మొహం మాలో ఎవరూ చూడలేదు."

డైరెక్టర్ ఒక ట్రెక్కింగ్ కర్ర చేతికిచ్చాడు. "పిడి నొక్కితే సూది తూటాలా దూసుకెళ్తుంది. ఉన్నది ఒక్కటే. గుచ్చుకోగానే చేతులు పడిపోతాయి. ప్రాణం తీరిగ్గా పోతుంది."

మర్నాడు పొద్దున చిన్నబాబు పెట్టుడు గడ్డం, పూల చొక్కా, మెడలో బైనాక్యులర్స్‌తో క్యూలో నిలబడ్డాడు. ఎదురుగా రెండు కొండల మధ్య వంతెన ఎండకి తళతళలాడుతోంది. కింద నది దారప్పోగులా ఉంది. ముందున్న పెద్దాయన గాజు మీద కాలు పెట్టలేక వణుకుతున్నాడు.

"టికెట్ కొన్నాక భయపడితే ఎలాగండీ? కళ్ళు మూసుకుని నడవండి" అంది భార్య.

"కళ్ళు మూసుకోవాలంటే చూడటానికి ఇంత దూరం రావడమెందుకే?"

ఇంతలో సెక్యూరిటీ వాళ్ళు వంతెన ఖాళీ చేయించి, జనాన్ని తాడు వెనక్కి నెట్టారు. అందరి చేతుల్లోనూ కెమెరాలే. ఆ గుంపులో కనిపించింది ఎర్రటోపీ. నల్లకళ్ళద్దాలు, నిటారైన నడుము, చేతిలో చిన్న జెండా. చిన్నబాబు వెనకాలే చేరి కర్ర మొన ఆమె వెన్నుకి ఆనించాడు. అన్నయ్య పంపిన ముఠా కోడ్ అడిగాడు.

"ఇక్కడ సూర్యుడు ఎటు అస్తమిస్తాడండీ?"

"మబ్బు పడితే ఎటూ అస్తమించడు."

ఆ గొంతు అతనికి బాగా తెలిసిన గొంతే. ఆమె మెల్లగా తిరిగి చూసింది.

"వదినా!"

"నవ్వుతూ మాట్లాడు మరిదీ. చుట్టూ వాళ్ళ మనుషులున్నారు."

"అన్నయ్యని చంపింది..."

"నేనే." ఆమె పెదాల మీద గైడ్ నవ్వు అలాగే ఉంది. "నేనూ సర్కారు మనిషినే. మీ ఆఫీసు కాదు, మీ పక్క బిల్డింగ్. ముఠాలో ఎదురుపడినా మీ అన్నయ్య మీకు నా పేరు రాయలేదు, ఎర్రటోపీ అనే రాశాడు. మీ అన్నయ్య ముఠాలో చేరి నిజంగానే వాళ్ళ మనిషైపోయాడు. అలిసిపోయాను, వేరే పేరుతో ఎక్కడైనా బతుకుదాం రా అన్నాడు. వంతెన మీద మనుషులుంటారు కదండీ అన్నాను. 'ఉంటే?' అన్నాడు."

"తర్వాత?"

"తోశాను. రెయిలింగ్ పట్టుకున్నాడు. వేళ్ళు కూడా నేనే విడదీశాను."

"అబద్ధం! నిజమైతే మాకు చెప్పేదానివి."

"చెప్పాను. మావాళ్ళు మీవాళ్ళకి ఫైలు పంపారు. అది ఇంకా మీ ఆఫీసు మెట్లెక్కుతోంది. పేల్చే స్విచ్ ఒక కెమెరాలో ఉంది, దానికి సెల్ సిగ్నల్‌తో పనిలేదు. ఎవరి కెమెరానో నాకు తెలీదు. నన్ను చంపాలంటే చంపు. ముందు దాన్ని వెతుకు."

చప్పట్లు మోగాయి. మంత్రులిద్దరూ నవ్వుతూ గాజు మీద అడుగు పెట్టారు.

చిన్నబాబు వేలు పిడి మీదే ఉంది. ఉన్నది ఒక్క సూది. చిన్నప్పుడు తనని భుజాన మోసిన అన్నయ్యని నమ్మాలా? చంపానని కళ్ళలోకి చూసి చెబుతున్న మనిషిని నమ్మాలా? ఆమె పారిపోవడం లేదు. టోపీ కింద కణతలు చెమటతో తడిసిపోయాయి. జనాన్ని వెతుకుతున్న ఆమె చూపు వెంట అతని చూపూ పరిగెత్తింది.

ఎన్ని కెమెరాలు! అరిస్తే వాడు ఇప్పుడే నొక్కేస్తాడు. మంత్రులు నడిమధ్యకి వచ్చి కరచాలనం చేశారు. ఒక్కసారిగా అన్నీ క్లిక్కుమన్నాయి. ఒక్కడు మాత్రం నొక్కలేదు. తాడు చివర, ట్రైపాడ్ వెనక, ప్రెస్ జాకెట్ వేసుకున్నవాడు. వాడు కెమెరాలోకి చూడటం లేదు, వంతెననే చూస్తున్నాడు. బటన్ మీద వేలుంది. లెన్స్ మూత ఇంకా తీయలేదు!

చిన్నబాబు ఆమె వెన్ను మీంచి కర్ర లాగి, వాడి వైపు తిప్పి పిడి నొక్కాడు.

బటన్ మీదకి వంగుతున్న వేలు అలాగే బిగుసుకుపోయింది. చిన్నబాబు ఒక్క ఉదుటున వాడి మీద పడి కెమెరా లాక్కున్నాడు. పెనుగులాటలో గడ్డం ఊడిపోయింది. వాడు అతని మొహం చూసి వికారంగా నవ్వాడు.

"అచ్చం మీ అన్నయ్యే... ఈ కెమెరా... ఆయన పట్టుకోవాల్సింది" అన్నాడు. ఆపైన నాలుక మడతపడింది.

వంతెన మీద మంత్రులు ఇంకా చేతులూపుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి రెయిలింగ్ గొట్టాల్లోంచి పేలుడు పదార్థం బయటపడింది. వదినా మరుదులిద్దరూ మూసేసిన టికెట్ కౌంటర్ దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. 

"అమ్మకి కాలు జారిందనే చెబుదాం వదినా" అన్నాడు చిన్నబాబు.

"చెప్పడం కష్టం కాదు." ఆమె తన అరచేతులు చూసుకుంది. "అత్తయ్య ఈ చేతులే పట్టుకుని ఏడుస్తారు. అప్పుడేం చెయ్యను?"

అతను లేచి నిలబడి, ఆమె లేవడానికి చెయ్యి అందించాడు. ఆమె చాలాసేపు ఆ చేతినే చూసి, పట్టుకోకుండానే లేచింది.

సాయంత్రం డైరెక్టర్ భుజం తట్టాడు. "నెల రోజులు సెలవు తీసుకో. ఖర్చు డిపార్ట్‌మెంట్‌దే. చూడదగ్గ ప్రదేశాలు బోలెడున్నాయి, ఎక్కడికి వెళ్తావో చెప్పు."

"చూడటానికి ఏమీ లేని ఊరేదైనా ఉంటే అక్కడికి టికెట్ తీయించండి సార్" అన్నాడు చిన్నబాబు.