అయిదో ఎందుకు

పదిహేడో నంబర్ బండి రామ్‌దాస్ కొంప ముంచేలా ఉంది.

బోధన్ దారిలోని ఆ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి వస్తే, కాంటా ఎక్కి దిగేసరికి పొద్దు గుంకేది. ఇంజినీరింగ్ ముగించి కంఠేశ్వర్ నుంచి వచ్చిన రామ్‌దాస్, స్టాప్‌వాచ్‌తో నెల రోజులు యార్డులో నిలబడి చీటీల పద్ధతి పెట్టాడు. ఏ బండి ఎన్ని గంటలకు రావాలో చీటీ మీదే ఉంటుంది. ఇప్పుడు బండ్లన్నీ గంటలో ఖాళీ. పదిహేడు తప్ప. దానికి అయిదు గంటలు. పన్నెండు రోజులుగా ఇదే వరస.

"ఒక్క బండి ఆగినా నీ పద్ధతిల లోపమున్నట్టే," అన్నాడు చీఫ్ ఇంజినీర్ చంద్రయ్య. సాయంత్రంలోగా కారణం రాసివ్వకపోతే చీటీలూ ఉండవు, రామ్‌దాస్ ఉద్యోగమూ ఉండదు.

రామ్‌దాస్ యార్డుకు పరుగెత్తాడు. కాంటాకు ఎడంగా నిలిపిన బండి మీద తారాబాయి చెరుకు ముక్క నములుతూ కూర్చుంది. మాక్లూర్ రాజలింగు కూతురు. తండ్రి కాలు విరిగినప్పటి నుంచి బండి తనే తోలుకొస్తోంది. మొదటి రోజే స్టాప్‌వాచ్ చూసి, ఎడ్లకు నాడి చూస్తున్నవా సారూ అని యార్డంతా నవ్వించిన పిల్ల. ఆ తర్వాత రామ్‌దాస్ కొలతలూ కబుర్లూ ఎందుకో ఆమె బండి చుట్టూనే సాగాయి.

ఎందుకు అని అయిదుసార్లు అడిగితే ఏ జాప్యానికైనా అసలు మూలం దొరుకుతుందని కాలేజీలో నేర్పారు. రామ్‌దాస్ కాగితం తీశాడు.

"బండెందుకు ఆపినవ్?"

"ఎనకోళ్లకు దారిచ్చిన."

"ఎందుకు?"

"వాళ్లకు తొందరున్నది."

"నీకెందుకు లేదు?"

"ఒక్క గంటల పని అయితే గంటలనే ఇంటికి పోవాలె గద."

"పోతే ఏమైతది? ఎందుకు పోవు?"

తారాబాయి చెరుకు పిప్పి ఊసి, అతని కాగితం వైపు చూసింది. "ఉత్తగ నిలబడ్డ టైమంతా వేస్టని రాస్తవట. గీడ నాతోని మాట్లాడిన టైము ఏ గడిల రాసినవ్?"

రామ్‌దాస్ కాగితంలోని గడులన్నీ వెతికాడు. ఆ టైము అతను ఏ గడిలోనూ రాయలేదు. అయిదో ఎందుకు ఇంకా మిగిలే ఉంది.

"చెరుకు ఎండి కాంటా మీద రోజూ తేలిగ్గ తూగుతున్నది. ఎందుకు బిడ్డా?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. చంక కర్ర మీద రాజలింగు. సంగతి తేల్చుకుందామని బస్సెక్కి వచ్చాడు. కూతురు తల వంచుకుంది. ఇంజినీరు స్టాప్‌వాచ్ జేబులో దాచుకున్నాడు. ముసలాయనకు ఇంకో ప్రశ్న అక్కర్లేకపోయింది.

"మీ అవ్వను, బాపును మా ఇంటికి రమ్మను సారూ. చీటీ మీద టైమ్ రాసి పంపు. మళ్ల లేటు కావద్దు."

సాయంత్రం చంద్రయ్య బల్ల మీద ఒక్క వాక్యం రిపోర్టు పడింది. పదిహేడో బండి ఆగుతున్నది పద్ధతి వల్ల కాదు, పద్ధతి పెట్టినవాడి వల్ల.

చంద్రయ్య రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశాడు. "సరిచేయడానికి ఎన్ని రోజులు పడ్తది?"

"ముహూర్తం దొరికేదాక సార్."