మోకాలి లోతు ఈత

పొద్దున్నే ఈతకొలను చూసి కోచ్ అదిరిపడ్డాడు. రాత్రికి రాత్రే నీళ్లన్నీ తోడేసి మోకాలి లోతు మిగిల్చారు.

"ఎవరు చేశారీ పని?"

"నేనే," అంది గట్టు మీద నిలబడ్డ అమ్మాయి. మెడలో కొత్త ఐడీ కార్డు. క్లబ్బులో ఆ వారమే చేరిన సేఫ్టీ ఆఫీసరు. "ఇక ఎవరూ మునగరు."

"ఎవరూ ఈదరు కూడా! ఇందులో పిల్లలకి ఏం నేర్పను? పాకడమా?"

"పాకినా హెల్మెట్ పెట్టుకునే పాకాలి."

కోచ్ బిత్తరపోయాడు. అంత పెద్ద కళ్లు చేసుకుని, అంత సీరియస్‌గా చెబుతున్న మనిషిని ఎలా తిట్టాలో అతనికి తెలియలేదు.

గట్టంతా రబ్బరు పట్టాలు పరిచారు. డైవింగ్ బోర్డుని తాళ్లతో కట్టేశారు. ఎవరైనా గట్టిగా నవ్వినా ఆమె విజిల్ వేసేది. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఇలాగైతే కొలను మూసేస్తానన్నాడు మేనేజరు.

కోచ్ ఉండబట్టలేక అడిగేశాడు. "మీకసలు ఈత వచ్చా?"

ఆమె ముఖం పాలిపోయింది. "మా అమ్మ నన్ను నీళ్ల బకెట్ దగ్గరకే వెళ్లనిచ్చేది కాదు," అంటూ వెనక్కి అడుగేసింది. తను వేయించిన పట్టాయే కాలికి అడ్డం పడింది. దభీమని కొలనులో పడింది. మోచెయ్యి అడుగున బండకి కొట్టుకుంది.

కోచ్ ఒక్క దూకులో వెళ్లి లేవదీశాడు.

"నీళ్లు నిండుగా ఉంటే దెబ్బ తగిలేది కాదు కదూ?" అంది మోచెయ్యి పట్టుకుని.

"తగిలేది కాదు. కానీ మునిగేవారు."

ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుంది. "అయితే నీళ్లు నింపిస్తాను. మీరు ఈత నేర్పండి."

కొలను నిండింది. పిల్లలు తిరిగొచ్చారు. వాళ్లు వెళ్లాక ఆమె పాఠం మొదలయ్యేది. మోచెయ్యి నయమై, ఈత వచ్చేసినా, పాఠం మాత్రం రోజురోజుకీ పొడుగవుతూ వచ్చింది.

కూతురు ఇంటికి ఆలస్యంగా ఎందుకొస్తోందో కనుక్కుందామని ఒకరోజు వాళ్లమ్మ క్లబ్బుకి వచ్చింది. లోతు నీళ్ల మధ్యలో కూతురు! ఆవిడ గట్టు దాకా పరుగెత్తింది.

"అయ్యో తల్లీ! ఎవరైనా పట్టుకోండి!"

"అమ్మా, తేలుతున్నాను చూడు!"

"పక్కన ఆ అబ్బాయెవరే?"

"నీకు కాబోయే అల్లుడు. ఆయనకింకా చెప్పలేదు."

కోచ్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి నీళ్లు పోయాయి. ఎంతమందికో ఈత నేర్పినవాడు బుడుంగున మునిగాడు.

"అలా చూస్తావేమిటే!" గట్టు మీద నుంచి కేకపెట్టింది వాళ్లమ్మ. "అల్లుడు మునిగిపోతున్నాడు, పైకి లాగు!"