నాలుగు నుంచి తొమ్మిది దాకా

శనివారం పొద్దున లక్ష్మీకాంతం కాఫీ కలుపుకుందామని వచ్చేసరికి ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించి ఉంది. "సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఏసీ, వాషర్, అవెన్ వేయకూడదు." కూతురు రాగిణి చేతిరాత. ఆ వేళల్లో కరెంటు రేటు ఎక్కువ, మిగతా వేళల్లో తక్కువ. బిల్లు తగ్గుతుందని ఆ ప్లాన్‌కి మారితే తగ్గకపోగా పెరిగింది. అమెరికాలోని ఈ డబ్లిన్ ఎండలకి పగలంతా ఏసీ వేసుకుని ఇంట్లో ఉండేది లక్ష్మీకాంతం ఒక్కతే.

"అమ్మా, అన్నయ్యతో మాట్లాడాను," అంది రాగిణి లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "టికెట్ బుక్ చేస్తాడట. సమ్మర్ అయ్యేదాకా ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్లింట్లో ఉండు, అక్కడ ఇంత ఎండలుండవు. ఏసీ లేకుండా నువ్వుండలేవు. వేస్తే బిల్లు చూస్తున్నావుగా!"

లక్ష్మీకాంతం కాఫీ కలపడం ఆపేసింది. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు కొడుకు దగ్గర. ఎనిమిదేళ్లుగా ఆమె సంసారమంతా రెండు సూట్‌కేసులే. ప్రతి ఎయిర్‌పోర్టులోనూ ఇదే ఆఖరి చూపేమోనని వెనక్కి తిరిగి తిరిగి చూసేది. ఈసారి వచ్చి ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు.

"నేను వెళ్లను."

"అమ్మా!"

"వెళ్లనన్నానుగా. ముందు ఆ ప్లాన్ ఎలా ఎంచుకున్నావో నాకు చూపించు."

అల్లుడు గౌరీశంకర్ నవ్వాడు. "అత్తయ్యగారు కంపేర్ చేస్తారట. చూపించు, చూపించు."

"ఎందుకు చేయకూడదు నాయనా? ఇంటికొచ్చిన ప్రతి బిల్లూ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను."

రాగిణి విసుగ్గా లాప్‌టాప్ తిప్పి, ప్లాన్ కోసం కరెంటు కంపెనీకి నింపిన ఫారం చూపించింది. లక్ష్మీకాంతం కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో వరుసా చదివింది. ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది.

"ఇంట్లో ఎంతమంది అంటే ఇద్దరని రాశావు. పగలు ఎవరైనా ఉంటారా అంటే, లేరన్నావు."

"అదీ... నువ్వు పర్మనెంట్‌గా ఉండవు కదా అని..."

"మరి ఎక్కడుంటాను? అక్కడ మీ అన్నయ్య కూడా ఇలాగే నన్ను వదిలేసి రాసుంటాడు. రెండిళ్లలోనూ లేని మనిషిని ఏ ఇంటికి పంపిస్తావే?"

గౌరీశంకర్ మొహంలో నవ్వు పోయింది. రాగిణి కళ్లు నిండాయి.

"నిజంగా అలా అనుకుని రాయలేదమ్మా."

"అదే కదా నా బాధ. నువ్వు అనుకోను కూడా లేదు." లక్ష్మీకాంతం కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. "నేను చుట్టాన్ని కాను. పగలు ఈ ఇంట్లో ఒక మనిషి ఉంటుంది. ఆ మనిషికి సరిపడే ప్లాన్ చూడు. కావాలంటే వంట పొద్దున్నే చేసేస్తాను, బట్టలు తొమ్మిది దాటాక వేస్తాను. ఇల్లు మాత్రం కదలను."

గౌరీశంకర్ ఫోన్ తీశాడు. "టికెట్ వద్దని బావగారికి నేను చెప్తాను అత్తయ్యగారూ."

రాగిణి తల్లి భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. లక్ష్మీకాంతం ఆమె తల నిమిరింది గానీ లాప్‌టాప్ మీంచి వేలు తీయలేదు.

"ఏడుపు తర్వాత. ముందు ఆ రెండు కొట్టేసి మూడు వెయ్యి."