చనిపోయినవాడి లాగిన్

వేసవిలో గుండెపోటుతో పోయిన చీఫ్ డిజైనర్, ఈ ఉదయం కూడా కంపెనీ ఫైల్లో కామెంట్ రాశాడు.

"దెయ్యానికి పాస్‌వర్డ్ ఎవడిచ్చాడో కనుక్కో," అన్నాడు బాస్ ఫోన్లో. "యుద్ధనౌకలకు రాడార్లు చేసే కంపెనీ అది. రేపు డాక్యుమెంట్ ప్లాట్‌ఫామ్ అప్‌గ్రేడ్. కొత్తదానిలోకి ఎవరి పేరు వెళ్తే వాళ్లకే డ్రాయింగులు తెరుచుకుంటాయి. ఆ చచ్చినవాడి పేరు వెళ్లిందా, డ్రాయింగులు సరిహద్దు దాటినట్టే. అక్కడ నువ్వు ప్లానింగ్ కన్సల్టెంట్ వేషంలో ఉంటావు."

"నాకు కంప్యూటర్లు..."

"ఒంటికాలి మీద నిలబడి చూడ్డం వచ్చుగా, చాలు. ట్రైనర్ వేషంలో మన మనిషి ఉంది. డ్రాయింగులు కాజేసే ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేస్తోంది."

అలా ఒంటికాలి మీద కాపు కాస్తాడనే అతన్ని 'కొంగ' అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. లాడ్జి గదిలో కొత్త పేరు రెండుసార్లు పైకి అనుకున్నాడు. పలికేవాళ్లు లేరు. గుండీలో కెమెరా బిగించి బయల్దేరాడు.

మీటింగ్ రూమ్‌లో ట్రైనర్ నవ్వితే ప్రొజెక్టర్ వెలవెలబోయింది.

"పాత వెర్షన్లు చెరిపేద్దామా?" అడిగాడు కొంగ.

"చెరిపితే చెరిగే చరిత్రా అది?"

కోడ్ కలిసింది.

మూలన సిస్టమ్స్ అడ్మిన్, అందరికీ 'సర్వర్ మామ', యాక్సెస్ లిస్టు తయారు చేస్తున్నాడు. తలెత్తలేదు.

కొంగ ఆ కామెంట్ తెరిచాడు. అది మామకే రాసింది. "బావగారూ, కొత్తదానిలో నా పేరు ఉంచండి. అన్నం తిన్నారా?"

డిజైనర్ బతికుండగా రాసినవి కిందే ఉన్నాయి. "ఒరేయ్ బావా, ఫైల్ పంపి చావు."

కొంగ కళ్లు చికిలించాడు. రాస్తున్నవాళ్లకు చుట్టరికం దొరికింది గానీ, చనువు దొరకలేదు.

కారిడార్లో ట్రైనర్‌తో మాట కలిపాడు. "బావ అన్నది పైకేనట. ముద్దొస్తే డిజైనర్ మామని 'పెదనాన్నా' అని ఏడిపించేవాడట."

పచ్చి అబద్ధం. ఇంకెవరికీ చెప్పలేదు.

మర్నాడు సర్వర్ గదిలో అప్‌గ్రేడ్ మొదలైంది. తెరమీద నీలం గీత పాకుతోంది. మామ పక్కన ఫైల్లో కామెంట్ మెరిసింది. "పెదనాన్నా, నా పేరు ఉంచావు కదూ?"

కొంగ ఒక్క అంగలో సర్వర్ దగ్గరికి దూకాడు. ట్రైనర్ చేయి అడ్డుపడింది. ఆ చేతిలో చిన్న పిస్టల్.

"నేను మీ మనిషినే!" అంది.

"మా మనిషివే. వాళ్ల మనిషివి కూడా."

మోచేత్తో పిస్టల్ ఎగరగొట్టి కేబుల్ పీకేశాడు. గీత చివరంచు దగ్గర ఆగిపోయింది. డ్రాయింగులు కదల్లేదు. గార్డులు ఆమెను తీసుకెళ్లారు.

గదిలో ఇద్దరే మిగిలారు.

"ఆ పేరు లిస్టులో ఎవరుంచారు, మామా?"

సర్వర్ మామ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనే బాబూ. పాస్‌వర్డ్ మార్చి ఆవిడకిచ్చింది కూడా నేనే. వాడి కామెంట్లకు జవాబులు రాసుకుంటూ కూర్చుంటే చూసింది. 'నేను రాస్తాలెండి, మీరు చదువుకోండి' అంది. అది వాడు కాదని నాకు తెలీదా? వాడెప్పుడన్నా నన్ను గారూ అన్నాడా? పోయాక మర్యాద నేర్చుకున్నాడులే అని సరిపెట్టుకున్నా. పైసా ముట్టుకోలేదు. ఈ ఆఫీసులో అందరూ 'మామా, సిస్టమ్ హ్యాంగయింది' అనేవాళ్లే. మామ తిన్నాడా అని ఆ దొంగది ఒక్కతే అడిగింది. రాసుకో, తప్పు నాదే. తిన్నానని రోజూ దానికి అబద్ధం చెప్పా. అది కూడా రాసుకో."