ఎదురొచ్చిన సింధూర

సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీల్లో పడవలు తిరిగిన ఏడాది ఉంది కదా, దాని తర్వాత రెండో ఏడాది జరిగిన ముచ్చట ఇది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీ. దానికో బాస్కెట్‌బాల్ టీమ్. ఆ టీమ్ ఏ టోర్నమెంట్లోనూ మొదటి మ్యాచ్ దాటిన పాపాన పోలేదు. ఓడిపోవడం, వచ్చి బండి దగ్గర మిర్చి బజ్జీలు తినడం. అంతే.

ఆ టీమ్‌లో మధు ఉన్నాడు. మన్సూరాబాద్ పిల్లగాడు. పొడుగు లేదు, గురి లేదు. కానీ వాళ్ల నాయిన అంతయ్యకు షేర్ ఆటో ఉంది. టీమంతా మ్యాచ్‌లకు పోయేది అందులోనే. అందుకని మధు సబ్‌స్టిట్యూట్.

మొదటి మ్యాచ్ రోజు ఆటో చైతన్యపురి సందు తిరిగింది. ఎదురుగా స్కూటీ, దాని మీద నీళ్ల క్యాను. అంతయ్య బ్రేకు తొక్కాడు. వెనకున్న పొడుగు కాళ్లన్నీ బయటికొచ్చాయి.

"కళ్లు కనపడవా మీకు?" అంది స్కూటీ మీది పిల్ల.

మధు తల బయటపెట్టాడు. "రాంగ్ రూట్ల ఒస్తున్నది నువ్వు మేడం."

"మా వీధిలో మాకు రాంగ్ రూటేంటి?"

"వీధి మీదే. రోడ్డు అందరిది."

"అందరిదైతే ఆ కాళ్లన్నీ ఎవరివి? ముందు లోపల పెట్టించు!"

కాళ్లు లోపలికి పోయాయి. ఆమె పోతూ పోతూ ఒక్క చూపు చూసింది. స్టేడియం వచ్చినా మధు ఆ చూపులోంచి దిగలేదు.

ఆ సాయంత్రం టీమ్ గెలిచింది. గెలిస్తే ఏం చేస్తారో ఎవరికీ తెలియక అందరూ కాసేపు ఊరికే నిలబడ్డారు.

"ఆ అమ్మాయి నిండు నీళ్లతో ఎదురొచ్చిందిరా, అందుకే గెలిచాం" అన్నాడు కోచ్ ప్రసన్నకుమార్ సారు. ఆయనది భీమవరం వైపు. "ఇక ప్రతి మ్యాచ్‌కీ ఆ అమ్మాయే ఎదురు రావాలి."

"ఆడి గెలిచినం గద సార్" అన్నాడు ఒకడు.

"మీ ఆట ఇన్నాళ్లూ నేను చూళ్లేదేంటి?"

పిల్లను అడిగే పని ఆడనివాడి మీద పడింది.

మధు పోయి సందు మూల నిలబడ్డాడు. ఆమె పేరు సింధూర, బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పోతుందని తెలిసింది. సంగతంతా చెప్పాడు.

"పిచ్చా మీకు?"

"మాకు కాదు. మా సారుకు."

"నాకేంటి లాభం?"

"మేం గెలిస్తే మిర్చి బజ్జీలు."

"ఓడితే?"

"ఓడితే ఎట్లనో మేం తినేటియే."

సింధూర నవ్వాపుకుంటూ స్కూటీ తీసింది.

వచ్చింది. గెలిచారు. మళ్లీ వచ్చింది. మళ్లీ గెలిచారు. ఒకనాడు ఆమె పొరపాటున ఆటో వెనక నుంచి వచ్చింది. అంతయ్య ఆమెను దాటి ముందుకు పోయి, ఆటో తిప్పుకుని ఎదురుగా తెచ్చాడు. ఇంకోనాడు ఆమెకు జ్వరం. టీమంతా వాళ్లింటి గేటు ముందు నిలబడింది. నాయనమ్మ హనుమాయమ్మ తలుపు తీసి, "పెళ్లిచూపులకి ఇంతమందెందుకు నాయనా, ఒక్కడొస్తే చాలదూ?" అంది. సింధూర దుప్పటి కప్పుకుని, గ్లాసుడు నీళ్లు పట్టుకుని, ఆటోకు ఎదురుగా నాలుగడుగులు నడిచి, పోయి పడుకుంది. ఆ రోజు అవతలి టీమ్ బిక్కమొహం వేసింది.

కాలేజీ పేరు పేపర్లో పడింది. గెలుపు వెనకాల స్ట్రాటజీ ఉందని సారు ఇంటర్వ్యూ ఇచ్చాడు.

మధుకు మాత్రం సుఖం లేదు. గెలిచిన ప్రతిసారీ ఆమె ఎదురు రావడం, పక్క నుంచి పోవడం, ఆటో అద్దంలో చిన్నదై మాయమవడం. టీమ్ గెలవాలంటే ఆమె దూరం పోవాలి. ఇదేం గెలుపు?

సెమీఫైనల్ గెలిచిన మర్నాడు ఇద్దరూ బజ్జీల బండి దగ్గర నిలబడ్డారు. చినుకులు పడుతున్నాయి.

"ఇన్ని మ్యాచ్‌లు గెలిపించా. ఒక్కటైనా చూశానా?" అంది సింధూర.

"ఎదురొచ్చినోళ్లు ఎనకకు మర్లితే శకునం పోతదంట. సారు చెప్పిండు."

"అంటే నేనెప్పుడూ నీకు ఎదురే రావాలా?"

"ఫైనల్ దాంక."

సింధూర తన ప్లేటు అతని చేతిలో పెట్టింది. "నువ్వు సబ్‌స్టిట్యూట్‌గానే ఉండిపో" అని వానలోనే వెళ్లిపోయింది.

ఆమె అడిగిందేంటో మధుకు అర్థమయ్యేసరికి బజ్జీలు చల్లారాయి.

ఆ మీదట ఇంకో కబురు. ఫైనల్ ఆడేది ఎల్‌బీ నగర్ కాలేజీతో. వాళ్ల కెప్టెన్ వంశీకృష్ణ, తాటిచెట్టంత మనిషి, సింధూరను మెట్రో స్టేషన్ కింద కలిసి "ఈసారి మాకు ఎదురు రండి" అని బతిమిలాడాడట. ఆమె నవ్విందట.

ఆ రాత్రి మధు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఏమైందిరా?" అంది వాళ్లమ్మ అరుణమ్మ.

"సింధూర గా టీమ్‌కు ఎదురు పోతదంటనే."

"పోతే పోనీ. ఓడితే ఏమైతది?"

"ఓడితే ఏం గాదు. ఆమె పోతది."

అంతయ్య మాట్లాడటమే అరుదు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "గా మాట ఆమెకు చెప్పినవా?"

ఫైనల్ సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో. సందు మూల ఆటో ఆగి ఉంది. వాన. సింధూర జాడ లేదు. సారు వాచీ చూసుకుంటూ కరిగిపోతున్నాడు.

అప్పుడు వచ్చింది. స్కూటీ లేదు, క్యాను లేదు. గొడుగు వేసుకుని నడుచుకుంటూ వెనక నుంచి వచ్చి ఆటో పక్కన నిలబడింది.

"అమ్మా, అటు నుంచి రావాలి తల్లీ!" అన్నాడు సారు.

"మధునడగండి. అతను ఎటు నుంచి రమ్మంటే అటు నుంచి వస్తా."

టీమంతా మధు మీద పడింది. "అటు నుంచి అనురా! కప్పురా! నీ కాళ్లు మొక్కుతరా!"

మధు సింధూర వైపు తిరిగాడు. "ఎదురు రాకు" అన్నాడు. "ఇగ ఎన్నడు రాకు. నా పక్కకొచ్చి కూసో."

ఆటోలో ఎవరో ఏడిచారు.

"చోటెక్కడుందిరా?" అన్నాడు సారు, చివరి ఆశగా.

అంతయ్య వెనక్కి తిరిగాడు. "సారూ, మీరు దిగుండ్రి. అటు పోయి నీళ్ల బాటిల్ పట్టుకొని ఎదురు రాండ్రి. శకునమైతది, సీటైతది."

సారు నిజంగానే దిగాడు. వానలో అంతదూరం పోయి, బాటిల్ రెండు చేతులా పట్టుకుని, పేరంటానికి వచ్చినట్టు ఎదురు నడిచి వచ్చాడు. అంతయ్య ఆటో ఆపలేదు. ఎదురొచ్చినవాళ్లు వెనక్కి మరలకూడదని చెప్పింది సారే కదా.

"వంశీకృష్ణకేం చెప్పినవ్?" ఇరుక్కుని కూర్చున్న మధు మెల్లగా అడిగాడు.

"ఆ రోజు నాకు మ్యాచ్ ఉందన్నా."

ఆట చివరిదాకా సరిసమానంగా సాగింది. ఇద్దరు ఫౌల్స్‌తో బయటికి పోతే మధును దింపక తప్పలేదు. బంతి అతని చేతికొచ్చింది. కళ్లు మూసుకుని వేశాడు. అది రింగుకు తగల్లేదు, బోర్డుకు తగల్లేదు. పోయి అవతలి కోచ్ చేతిలోని టీ గ్లాసుకు తగిలింది. ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయారు.

అప్పుడే సారు చుట్టుదారిన నడిచి, నీళ్లోడుతూ లోపలికొచ్చాడు.

"మీరు ఎదురొచ్చిన్రు సార్, గందుకే!" అని టీమంతా ఆయన్ని చుట్టుముట్టింది. మధును ఒక్కడూ ఏమీ అనలేదు.

బయట మెట్ల మీద సింధూర కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఇంత ఘోరంగా ఆడతావా? మరి టీమ్‌లో ఎందుకున్నావు?"

"ఆటో మాది."

ఆమె మళ్లీ నవ్వి, కళ్లు తుడుచుకుంది. "కప్పు పోయింది. బాధ లేదా?"

"ఆఖరి దాంక నువ్వు ఉన్నవ్ గద."

"ఉంటా" అంది సింధూర, గొడుగు అతని మీదికి జరిపి.

తెల్లారి మధు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్లింటికి పోయి బెల్లు కొట్టాడు. సింధూర నాన్న భానుమూర్తి తలుపు తీశాడు.

"ఎవరు కావాలి బాబూ?"

"సింధూర అండి. కోచింగ్ దాంక కలిసి నడిచిపోదామని."

భానుమూర్తి అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. పైదాకా అంటే పెద్ద దూరమేం కాదు. "ఇంకా తయారవుతోంది" అన్నాడు. "కాఫీ తాగుతావా?"

మధు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.