రాతి యువరాజు ఎక్కిన పడవ

వనమాలీపురంలో ఆ ఏడు ఎవరిని చూసినా అనుమానమే, పిల్లలూ! యువరాజు మణిధరుణ్ణి ఒక మాంత్రికుడు రాతిబొమ్మగా మార్చేశాడు. సరస్సు అవతలి జలపాతంలో తడిస్తే శాపం పోతుంది. అమావాస్య దాటితే మాత్రం అతడిక రాయే. తీరా బొమ్మను ఎక్కించిన ప్రతి పడవా రేవు దగ్గరే బోల్తా కొట్టేది. గజఈతగాళ్లు బొమ్మను పైకి తెచ్చేవారు.

"ఇది సరస్సులోని భూతం పనే" అన్నాడు మంత్రి.

యువరాజు చెల్లెలు హేమరేఖకు భూతం మీద ఎంత అనుమానమో, మంత్రి మీదా అంతే. అన్న లేవకపోతే గద్దె ఎక్కేది ఆ మంత్రే మరి! ఆమె కత్తి పట్టుకుని రేవుకు వెళ్లి భూతాన్ని పిలిచింది. నాచు పట్టిన తల ఒకటి నీళ్లలోంచి లేచింది.

"మా పడవలు ముంచుతున్నది నువ్వే కదూ?"

"నాకేం పని తల్లీ? మీరే ముంచుకుంటున్నారు. మీ అన్నను పడవలో ఎక్కడ పెడుతున్నారు?"

"ఎత్తైన పీఠం మీద నిలబెడతాం. రాజవంశీకుల తల అందరికన్నా పైనుండాలి. అది మా ఆచారం."

"బరువంతా నెత్తికెక్కితే పడవ నిలుస్తుందా? అడుగున పడుకోబెట్టు."

"నువ్వు మింగడానికి వీలుగానా?"

భూతం కిసుక్కున నవ్వి మునిగిపోయింది.

హేమరేఖ నమ్మలేదు. సగానికి కోసిన సొరకాయ బుర్రను నీటిలో వదిలి, అంచుల మీద పుల్లలు పేర్చి, వాటిపై రాయి పెట్టింది. చిన్న అల తగలగానే బుర్ర బోర్లాపడింది. ఈసారి రాయిని బుర్ర అడుగున పెట్టింది. వేలితో ఒరిగించినా అది ఊగి ఊగి మళ్లీ సరిగ్గా నిలిచింది. మర్యాద పేరుతో అన్నను తామే నీళ్లపాలు చేస్తున్నామని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది.

"యువరాజును కాళ్ల దగ్గరా? అపచారమమ్మా" అన్నాడు మంత్రి.

"ఆ పాపం నాకే తగలనివ్వండి."

బొమ్మను పడవ అడుగున పడుకోబెట్టించి, మంత్రితో కలిసి ఆమె బయల్దేరింది. సరస్సు నడుమ ఈదురుగాలి లేచింది. పడవ ఒరిగి, నీళ్లు లోపలికి చిమ్మాయి. మంత్రి భయంతో లేవబోయాడు. హేమరేఖ చెయ్యి కత్తి మీదికి పోయింది.

"కూర్చోండి మంత్రిగారూ."

ఆయన చతికిలబడ్డాడు. పడవ మెల్లగా సర్దుకుంది.

జలపాతం కింద మణిధరుడు కళ్లు తెరిచాడు. చెల్లెలు అతణ్ణి కౌగిలించుకుని భోరుమంది. మంత్రి కూడా కళ్లు తుడుచుకోవడం చూశాక ఆమె చెయ్యి మళ్లీ కత్తి మీదికి పోలేదు.

తిరుగు ప్రయాణంలో ఒడ్డున జనం జేజేలు కొట్టారు. మణిధరుడు చేతులూపాలని లేవబోతే చెల్లెలు ఉత్తరీయం పట్టి లాగింది.

"పట్టాభిషేకం ఒడ్డెక్కాక, అన్నయ్యా. ముందు కూర్చో."

యువరాజు బుద్ధిగా కూర్చున్నాడు. పడవ అంచు మీదుగా ప్రజలకు అతడి కళ్లు మాత్రమే కనిపించాయి. ఆ కళ్లు రెప్పలార్పుతున్నాయి. వాళ్లకు అది చాలు.